ఆ సమాధిలో ఉన్నది ఆయన కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పోలెండ్ చిత్రకారుడు, నాటక రచయిత స్తనిస్వాఫ్ ఇగ్నాత్సీ విట్కియెవిచ్ గురించి వ్యాసం వేశారు. మన పత్రికల్లో ఆయన పేరు కనపడటమే అరుదు, అందుకని ఇష్టంగా చదివాను. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘జకోపానెలో కన్నతల్లి చెంత శాశ్వత నిద్రలో ఉన్నాడు’ అని ముగించారు. లేడండీ. ఆ కొండల ఊరి సమాధిలో ఉన్నది ఎవరో ఒక యువతి. పోలెండ్‌లో ఈ సంగతి 1994లోనే బయటపడింది.

జరిగింది ఇది. 1939 సెప్టెంబర్ 1న హిట్లర్ సేనలు పోలెండ్ మీద పడ్డాయి. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. సైన్యంలో చేరతానంటే తీసుకోలేదు. ఇల్లూ వాకిలీ వదిలి తూర్పుకి పోతున్న జనంలో కలిసి యెజోరి అనే పల్లె చేరాడు. 17న అటువైపు నుంచి సోవియట్ సేనలు దిగాయి. మర్నాడే ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. వెంట ఉండి తనూ చావబోయిన ఆయన ప్రేయసి చెస్వావా ఓక్నిన్‌స్కా బతికి బయటపడింది. ఆయన్ని ఆ పల్లెలోనే పూడ్చారు. యుద్ధం అయ్యాక సరిహద్దులు మారి ఆ ఊరు సోవియట్ ఉక్రెయిన్‌లోకి పోయింది.

ఎందుకంత భయపడ్డాడంటే, ఆయనకు రష్యా సంగతి కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా జారు సేనలో అధికారిగా పనిచేశాడు, 1916లో గాయపడ్డాడు, మరుసటి ఏడు విప్లవాన్ని దగ్గర నుంచి చూశాడు. 1930లో వచ్చిన ఆయన నవలలో తూర్పు నుంచి ఓ మహాసైన్యం వస్తుంది. దానికంటే ముందే ఒక మాత్ర వస్తుంది. అది మింగిన వాడికి ఇక ఏ బాధా ఉండదు, దేనికైనా తలూపుతాడు. ఆ మాత్ర వెనక ఉన్న తాత్వికుడి పేరు మూర్తి-బింగ్. (మూర్తి అని చదవగానే మనవాడేమో అనిపించి నవ్వుకున్నాను.) తర్వాత పోలిష్ కవి చెస్వావ్ మీవోష్ 1953లో మేధావులు ప్రభుత్వాలకు ఎలా లొంగిపోతారో రాస్తూ ఈ మాత్రనే ఎత్తుకున్నాడు.

ఆ సోవియట్ నీడలోనే ఉన్న వార్సా ప్రభుత్వం 1988లో ఆయన అస్థికల్ని తెప్పించి ఏప్రిల్ 14న జకోపానె పాత శ్మశానంలో, తల్లి సమాధిలో ఘనంగా పూడ్చింది. అవి ఆయనవేనా అన్న అనుమానం మాత్రం పోలేదు. చివరికి 1994 నవంబర్‌లో తవ్వి పరీక్షిస్తే అవి పాతికా ముప్పై ఏళ్ల మధ్య వయసు స్త్రీ ఎముకలని తేలింది. ఆ వార్సా ప్రభుత్వ హయాంలోనే 1957లో ఆయన ‘చెప్పులు కుట్టేవాళ్లు’ నాటకాన్ని సోపోత్‌లో మొదటి ఆటతోనే ఆపేశారు. నాటకం ఆపినప్పుడు చూపించిన శ్రద్ధలో పావు వంతు పెట్టె మూత తీసి చూడటంలో చూపించి ఉంటే సరిపోయేది.

మా అబ్బాయి క్రాకోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు రెండు గంటల బస్సు ప్రయాణం చేసి జకోపానె వెళ్లి చూశాను. కొండ కింద చిన్న శ్మశానం, చెక్కమీద చెక్కిన సమాధి గుర్తులు, తీర్చిదిద్దినట్టు ఉంటుంది. నేను పట్టుకెళ్లిన పూలు ఎవరికి పెట్టాలో తెలీలేదు. తల్లి మారియాకి పెట్టాను. ఆ పేరు తెలియని అమ్మాయికి కొన్ని పెట్టాను. కొడుకు అటెక్కడో ఆ పల్లె మట్టిలోనే ఉండి ఉంటాడు.

ఇక రెండో మాట. మీ వ్యాసంలో సగం కొకైన్ గురించే ఉంది. ఆయన మత్తుమందులు తీసుకున్న మాట నిజమే, తానే దాచుకోలేదు. ఏ బొమ్మ ఏం తీసుకుని గీశాడో ఆ బొమ్మ మూలన పొడి అక్షరాల్లో రాసిపెట్టాడు. టీ తాగినా రాశాడు. చాలా ఎక్కువగా కనపడేది ‘ఎన్.పి.’ అన్న గుర్తు. పోలిష్‌లో పొగ తాగడం లేదని దాని అర్థం, పక్కన ఎన్నో రోజో అంకె. పాపం, ఆ అంకె మాటిమాటికీ మళ్లీ ఒకటికి వచ్చేస్తుంది. 1932లో ఆయన మత్తుల మీద వేసిన పుస్తకం పేరులో కూడా మొదటి మాట నికోటిన్, రెండోది ఆల్కహాల్, కొకైన్ ఆ తర్వాతే. మన వీధి చివర కొట్లో దొరికే రెండిటినీ ఆయన ముందు వరసలో నిలబెట్టాడు. వ్యాసం రాసిన వారికి ఆ రెండూ ఆనినట్టు లేదు.

వ్యాసంలో అసలు లేనిది ఆయన బొమ్మల కంపెనీ. నేను ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను, సాయంత్రాలు ఫొటో చూసి బొమ్మలు గీసేవాణ్ణి. ‘మాస్టారూ, ముక్కు కాస్త సన్నం చెయ్యండి’, ‘మా నాన్న ఇంత నలుపు కాదండీ’, ‘మీకే నచ్చిందా చెప్పండి’... ఈ మాటలు పడని పోర్ట్రెయిట్ ఆర్టిస్టు ఉండడు. నాటకాల మీద డబ్బు రాక, 1925లో ఆయన కూడా ఈ పనికే దిగాడు. కానీ మనలా తలవంచుకుని కాదు. ‘ఎస్. ఐ. విట్కియెవిచ్ చిత్తరువుల సంస్థ’ అని పేరు పెట్టి, 1928లో నిబంధనలు అచ్చు వేయించాడు. ఖాతాదారు తృప్తి పడాల్సిందే, అపార్థాలకు తావు లేదు. బొమ్మ మీద విమర్శ ఏ రూపంలోనూ కుదరదు. పూర్తయిన బొమ్మ గురించి సంస్థ అభిప్రాయం అడగరాదు. నచ్చకపోతే తీసుకోవద్దు, మూడో వంతు సొమ్ము కట్టి పోవచ్చు, బొమ్మ మాత్రం సంస్థదే. బొమ్మలో చేతులు కూడా కావాలంటే ఒక్కో చేతికి మూడో వంతు అదనం. బొమ్మల్ని అక్షరాలతో రకాలుగా విడగొట్టాడు. ‘ఏ’ రకం అన్నిటికన్నా నున్నగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. మత్తులో గీసిన ‘సి’ రకం అసలు అమ్మకానికే లేదు, అది స్నేహితులకి.

ఇది చదివిన రోజు మా ఇంట్లో నేనొక్కణ్ణే గట్టిగా నవ్వుతూ ఉంటే మా ఆవిడ వచ్చి చూసింది. నాకు ముందే తెలిసి ఉంటే ఆ కాగితం తెలుగులో రాయించి గోడకి తగిలించేవాణ్ణి.

నవ్వులాట కింద ఉన్న కష్టం కూడా చెప్పాలి. 1918 నుంచి ఓ ఎనిమిదేళ్లలో దాదాపు నలభై నాటకాలు రాశాడు, సగం వరకూ దొరకనే లేదు. ఎనిమిదేళ్ల వయసులో బొద్దింకల మీద నాటిక రాసి తానే అచ్చు వేసుకున్న పిల్లవాడు, పెద్దయ్యాక తన నాటకానికి థియేటర్ కోసం తిరిగాడు. తల్లి జకోపానెలో అతిథులకు గదులిచ్చి సంసారం లాగింది. 1914లో పెళ్లాడాల్సిన అమ్మాయి ఆత్మహత్య చేసుకుంటే, ఆయన్ని ఆ దుఃఖం నుంచి తప్పించడానికి స్నేహితుడు మలినోవ్‌స్కీ, తర్వాత రోజుల్లో పెద్ద పేరు తెచ్చుకున్న ఆ మానవశాస్త్రవేత్తే, సిలోను మీదుగా ఆస్ట్రేలియా తీసుకెళ్లాడు. ఇదంతా మీ వ్యాసంలో రెండు లైన్లు. ఆయన పోయాక 1956లో తడేయుష్ కాంతోర్ అనే మరో చిత్రకారుడు క్రాకోలో తన కొత్త నాటక బృందంతో మొదటి ప్రదర్శన ఇచ్చింది కూడా విట్కియెవిచ్ నాటకంతోనే. అక్కడి నుంచే ఆయన నాటకాలకు జనం రావడం మొదలైంది.

కాబట్టి సవరణ వేయండి. లోపలి పేజీలో వివాహ ప్రకటనల కింద కాకుండా, వ్యాసం వచ్చిన చోటే వేయండి. అందులో ఆ సమాధిలో ఉన్న యువతి గురించి కూడా ఒక వాక్యం ఉండాలి. ఆయన పేరు మీద పూలూ దండాలూ అందుకుంటున్నది ఆమె.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
తెనాలి