రంగు వేసిన తోలు ఆరబెట్టడంలో దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

రంగు వేసిన తోలును ఇంట్లో ఉన్న వేడితోనే పాడవకుండా ఆరబెట్టడం ఎలాగన్న ప్రశ్నకు ఓపికగా జవాబులిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. "తోలును ఆరబెట్టాలి, ఎండబెట్టకూడదు" అన్న ఒక్క మాటతోనే సగం తప్పులు సర్దుకున్నాయి. ఇదే పనిలో ఉన్న మరొకరికి అక్కరకొస్తాయని ఆ సలహాలన్నీ ఇక్కడ పెడుతున్నాం.

వేడి ఎందుకు చెరుపో కారణంతో సహా చెప్పినవారికి ముందుగా. వెజిటబుల్ ట్యాన్డ్ తోలు (చెట్ల బెరడు వంటివాటి రసంతో పదును చేసినది) తడిగా ఉన్నప్పుడు సుమారు 70–85 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ముడుచుకుపోతుంది. పొడిగా ఉంటే ఇంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది. లోపలి కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు ఒకసారి కుంచించుకుపోయాక తోలు పెళుసుబారుతుంది, ఆపైన ఎంత నూనె పట్టించినా తిరిగిరాదు. అందుకే తోలుకు తగిలే గాలి 40 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. చేతి వెనకవైపు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

హెయిర్ డ్రయ్యర్ వాడే తీరు చెప్పినవారికి మరీ మరీ. తక్కువ వేడి మీద పెట్టి, కనీసం 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒక్కచోటా ఆపకుండా కదుపుతూ రెండు మూడు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు విరామం. ఆ విరామమే కీలకం. పైపొర ముందే ఆరిపోతే లోపలి తడి పైకి వస్తూ రంగును వెంట లాక్కొచ్చి, త్వరగా ఆరిన చోట వదిలేస్తుంది. అంచులు ముదురుగా, మధ్యలో మచ్చలుగా కనిపించేది అందుకే. నాసిరకం రంగని అనుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు ఆరబెట్టడంలోనే ఉంటుంది.

స్పిరిట్ (ఆల్కహాల్) కలిపిన రంగుల గురించి హెచ్చరించినవారి మేలు మరువలేం. ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి, రూమ్ హీటర్, ఒవెన్ ఏదీ దగ్గర ఉండకూడదు. డ్రయ్యర్ లోపలి తీగ కూడా ఎర్రగా కాలుతుంది కాబట్టి, కిటికీలు తెరిచి వాసన పూర్తిగా పోయేదాకా దాన్నీ ముట్టుకోకూడదు. నీటి రంగైనా ఒవెన్ జోలికి పోకపోవడమే మంచిది. తక్కువలో పెట్టినా లోపల వేడి ఎగుడుదిగుడుగా ఉంటుంది, గోడల దగ్గర తోలు ముడుచుకుపోతుంది.

నిజానికి అన్నిటికన్నా నమ్మకమైనది టేబుల్ ఫ్యానే. కింద నుంచీ గాలి ఆడేలా తోలును ఎత్తులో పరిచి, మీటరు దూరంలో ఫ్యాను పెడితే చాలు. అయితే ఇనుప జల్లెడ మీద పరచవద్దు, ఇనుప క్లిప్పుతో వేలాడదీయవద్దు. తోలులోని టానిన్ (పదును చేసేటప్పుడు బెరడు నుంచి పట్టే పదార్థం), ఇనుము, తడి కలిస్తే నీలినలుపు మచ్చ పడుతుంది. ప్లాస్టిక్ జాలీ గానీ చెక్కపుల్లలు గానీ వాడాలి. నేరుగా ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది.

ఆరిందో లేదో చూసేందుకు వంటింటి త్రాసు వాడమన్న సలహా ఎంతో నచ్చింది. రంగు వేయకముందు ముక్క 180 గ్రాములు, వేశాక 230 అనుకుందాం. మళ్లీ 180 దగ్గరికి దిగి, గంట తేడాతో రెండుసార్లు తూచినా మారకపోతే ఆరినట్టే. త్రాసు లేకపోతే చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు.

అంచులు వంకర తిరుగుతుంటే, కాస్త చెమ్మ మిగిలి ఉండగానే రెండు చెక్కల మధ్య శుభ్రమైన నూలుగుడ్డ వేసి బరువు పెట్టమన్నవారికీ ధన్యవాదాలు. పూర్తిగా ఆరాక తెల్లగుడ్డకు రంగు అంటడం ఆగేదాకా రుద్ది, పలచగా ఒక్క పూత నూనె పట్టించి, ఇంకో 24 గంటలు ఆగి అప్పుడే పై పాలిష్ వేయాలి. తొందరపడి తడి మీదే పాలిష్ వేస్తే పొర తెల్లబారి పొట్టులా లేస్తుంది.