మూడు వారాలు తినేసిన గొట్టం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. "ఆ బొటనవేలంత గొట్టంలో ఏముందని ఫోన్ కూడా ఎత్తడం లేదు?" అని అడిగావు. నీ కోపం న్యాయమే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

అందులో ఉన్నది హ్యూడీ అనే మానవ ప్రోటీన్. సుమారు 380 అమైనో ఆమ్లాల గొలుసు. శరీరంలో దాని ముఖ్య నివాసం నాడీకణాలు, అక్కడ దాని పని కాపలా. జన్యువు పంపిన సందేశాన్ని మోసే మెసెంజర్ ఆర్ఎన్ఏ అసలే అల్పాయుష్షుది. ఆర్ఎన్ఏ రాతలోని నాలుగు రసాయన అక్షరాల్లో ఎ, యు అనేవి చివరి భాగంలో గుంపుగా ఉన్నవైతే మరీ త్వరగా ముక్కలైపోతాయి. హ్యూడీ సరిగ్గా ఆ గుంపునే పట్టుకుని వాటిని బతికిస్తుంది. నాడీకణం కొత్త కొమ్మలు చాచేటప్పుడు అవసరమయ్యే గ్యాప్-43 అనే ప్రోటీన్ సందేశం నిలిచేది ఈ పట్టు వల్లనే.

పేరులోని "హ్యూ" ఒక రోగి ఇంటిపేరు మొదటి అక్షరాల నుంచి వచ్చింది. కొందరు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు నరాలు ఎందుకు దెబ్బతింటున్నాయో వెతికితే, 1985లో వాళ్ల రక్తంలో నాడీకణాల మీదికి వెళ్లే ప్రతిరక్షకాలు కనిపించాయి. నాడీకణాల్లో ఉండవలసిన ప్రోటీన్‌ను కణితి తయారుచేస్తుంది. శరీరం కణితి మీద యుద్ధం ప్రకటిస్తుంది, దెబ్బ నరాలకు తగులుతుంది. ఆ ప్రతిరక్షకాలను ఎరగా వాడి 1991లో హ్యూడీ జన్యువును పట్టుకున్నారు. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మనిషి మెదడు నుంచి దీన్ని తీయలేం కదా! అందుకని జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి దాని చేత తయారుచేయిస్తాం. ప్రోటీన్ చివర హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు ఆరింటితో తోక తగిలిస్తాం. నికెల్ పూసలు ఆ తోకను పట్టుకుంటాయి, తక్కినదంతా కొట్టుకుపోతుంది, ఆ తోక చోటును ఆక్రమించే ఇమిడజోల్ అనే రసాయనం పోస్తే మనది కిందికి దిగుతుంది. రాస్తే ఇంతే.

ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద, హ్యూడీ బరువైన 42 కిలోడాల్టన్ల దగ్గర చక్కటి పట్టీ ఒక్కటే కనబడింది. సంబరపడిపోయాను. తీరా ఆర్ఎన్ఏ కలిపితే, పట్టుకోనంటే పట్టుకోదు! ఉప్పు మార్చాను, ఉష్ణోగ్రత మార్చాను, ఆర్ఎన్ఏ పాడైందేమోనని కొత్తది తెచ్చాను. రెండు వారాలు గడిచాక, మొదటి రోజే చూడవలసినది చూశాను: 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ. ఆర్ఎన్ఏ మొదటిదాని దగ్గర, ప్రోటీన్ రెండోదాని దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. శుద్ధమైన ప్రోటీన్‌లో ఆ నిష్పత్తి 0.6 దరిదాపుల్లో ఉండాలి. నాది 1.4.

నవ్వకు. ఆర్ఎన్ఏను పట్టుకోవడానికే పుట్టినదాన్ని, ఆర్ఎన్ఏతో కిక్కిరిసిన బ్యాక్టీరియాలో పుట్టిస్తే ఖాళీ చేతులతో ఎందుకు వస్తుంది? దారిలో దొరికినదల్లా వాటేసుకుని వచ్చింది. జెల్‌కు నేను వేసిన రంగు ప్రోటీన్‌నే చూపిస్తుంది కనుక దొంగసరుకు కనబడలేదు. ఈసారి పూసల మీద ఉండగానే పట్టు వదిలించే గాఢమైన (1 మోలార్) ఉప్పునీటితో దండిగా కడిగి, ఆపైన హెపారిన్ అనే చక్కెర గొలుసు అంటించిన పూసల కాలమ్‌లోంచి పంపాను. హెపారిన్‌కూ ఆర్ఎన్ఏ లాగే రుణావేశం దండిగా ఉంటుంది, చేతులు ఖాళీ అయిన హ్యూడీ దాన్ని పట్టుకుంటుంది. నిష్పత్తి 0.62కు దిగింది. మర్నాడు ఆర్ఎన్ఏ చూపించగానే గబుక్కున పట్టేసింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నాడీకణంలో కార్మ్1 అనే ఎంజైమ్ హ్యూడీకి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు వేసి దాని పట్టును సడలిస్తుంది. ఈ.కోలైకి ఆ విద్య రాదు. కాబట్టి పట్టు ఎంత గట్టిదో కొలవడానికి నా గొట్టాన్ని నమ్ముతాను గానీ, కణం ఆ పట్టును ఎప్పుడు సడలిస్తుందో తేల్చడానికి నమ్మను. దీని మీద చేసిన ఒక్క కొలత చూపించి "మెదడులో జరిగేది ఇదే" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుందని, చిన్నచిన్న భాగాలు చేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాను. ఆదివారం ఉదయం ఫోన్ చేస్తాను. పగబట్టి ఎత్తకుండా ఉండకు.

నీ
పాత నేస్తం