ఘాట్ రోడ్డు మీదికి నెట్టిన తప్పు

విజయనగరం

కస్టమర్ రిలేషన్స్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఘాట్ రోడ్డులో హైబ్రిడ్ బ్యాటరీ వేడెక్కి కారు పవర్ పడిపోవడం, దానికి మీ డీలర్ వర్క్‌షాప్ చెప్పిన తప్పుడు కారణం, నా దగ్గర వసూలు చేసిన డబ్బు వాపసు.

అయ్యా,

నేను విజయనగరంలో ఉంటాను. ఉద్యోగం అరకులో, బ్యాంకులో. సోమవారం తెల్లవారుతూనే ఎస్.కోట మీదుగా కొండ ఎక్కుతాను, శుక్రవారం సాయంత్రం దిగుతాను. ఒక వైపు సుమారు 90 కిలోమీటర్లు. గత దసరాకి పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్న మీ హైబ్రిడ్ కారు కొన్నది ఈ దారి కోసమే, ఆ సంగతి షోరూంలో మొదటి రోజే చెప్పాను. "ఘాట్‌కి ఇంతకన్నా మంచి బండి లేదు మేడమ్. దిగినప్పుడు ఫ్రీగా చార్జ్ అయిపోద్ది, ఆ చార్జితోనే వారమంతా తిరగొచ్చు" అన్నాడు సేల్స్ అబ్బాయి. ఆ మాట సంగతి తర్వాత చెప్తాను. ముందు అసలు ఫిర్యాదు.

చలికాలమంతా బండి బాగానే నడిచింది. మార్చిలో ఒక ఆదివారం మా అత్తగారినీ పిల్లలనీ తీసుకుని బయల్దేరాను. డముకు దగ్గర మలుపు తిరుగుతుండగా డాష్‌బోర్డు మీద "హైబ్రిడ్ సిస్టమ్ ఓవర్‌హీటెడ్, అవుట్‌పుట్ పవర్ రెడ్యూస్డ్" అని వచ్చింది. బ్యాటరీ గుర్తులో 8 గడులకు రెండే మిగిలాయి. ఎంత తొక్కినా బండి 20 దాటలేదు. వెనక ఆర్టీసీ బస్సు, ఎదురుగా దిగుతున్న లారీ. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, జొన్నపొత్తులు కాల్చి అమ్మే ఒకామె పక్కన కొంచెం జాగా దొరికితే అక్కడికి లాగి ఆపాను. అరగంటకు మెసేజ్ పోయింది. మాకు పోయింది మాత్రం టెన్షన్ కాదు, ఆ రోజు ప్రయాణం. వెనక్కి తిరిగి వచ్చేశాం.

మరునాడు వర్క్‌షాప్‌కి వెళ్తే సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్ తగిలించి, లోపం చూపే కోడ్ చెరిపేసి, "కొండ మీద ఆక్సిజన్ తక్కువ కదా మేడమ్, బ్యాటరీకి ఎత్తు పడదు. నార్మలే" అన్నారు. చేసిన పని రాసే జాబ్ కార్డులోనూ అదే రాశారు. ఏప్రిల్లో రెండోసారి మెసేజ్ వస్తే పెట్రోలు బాగోలేదని, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేసి రూ. 2,340 తీసుకున్నారు. మే నెలలో మూడోసారి వస్తే 12 వోల్టుల చిన్న బ్యాటరీ బలహీనపడిందని కొత్తది వేసి రూ. 6,850 తీసుకున్నారు. ఆ రెండు బిల్లులూ జతచేశాను.

ఎత్తు పడదన్న మాట మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. బ్యాంకులో పనిచేసేదాన్ని కాబట్టి రాసిపెట్టుకునే అలవాటు ఉంది. ప్రతి ప్రయాణంలో ఎక్కడ ఎన్ని గడులు ఉన్నాయో, బండిలో ఎంతమంది ఉన్నారో, ఎండ ఎలా ఉందో చిన్న పుస్తకంలో రాశాను. రెండోసారి మెసేజ్ వచ్చింది కాశీపట్నం దాటి ఘాట్ మొదలైన కాసేపటికే. ఇంకా టైడా కూడా రాలేదు. అక్కడ ఆక్సిజన్ ఎప్పుడు తగ్గింది? ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తు గాలికొండ దగ్గర. అక్కడ నుంచి అరకు వైపు మళ్లీ దిగాలి. ఆ గాలికొండ దగ్గర ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా మెసేజ్ రాలేదు. వచ్చిన మూడుసార్లూ ఎండ మండిపోతోంది, వెనక సీటు నిండా మనుషులున్నారు. నేనొక్కదాన్నే తెల్లవారుజామున ఎక్కినప్పుడు ఏమీ లేదు. కొండ ఎత్తు మాత్రం సోమవారానికీ ఆదివారానికీ మారదు కదా.

వెయ్యి మీటర్ల ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి పదకొండు శాతం వరకు తగ్గుతుంది. గాలిని లోపలికి తోసే టర్బో లేని పెట్రోలు ఇంజన్ బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. దాన్ని నేను కాదనను. కానీ ఎలక్ట్రిక్ మోటారు గాలి పీల్చదు. సీల్ చేసిన బ్యాటరీ సెల్‌కి అరకు అయినా విజయనగరం అయినా ఒకటే. ఎక్కేటప్పుడు గడులు తగ్గేది ఎత్తు వల్ల కాదు, ఎక్కుడు వల్ల. ఇంజన్‌కి సాయంగా మోటారు నిమిషాల తరబడి కరెంటు లాగుతుంది, దాంతో బ్యాటరీ ఖాళీ అవుతుంది, వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికే మీరు ఫ్యాను పెట్టారు. ఆ ఫ్యాను సంగతి మీ వర్క్‌షాప్‌లో మూడుసార్లలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

గుర్తొచ్చింది మా నాన్నగారికి. ఆయన సాలూరు ఘాట్‌లో పాతికేళ్లు లారీ నడిపిన మనిషి. మూడోసారి బండి ఆగినప్పుడు ఆయన వెనక సీట్లోనే ఉన్నారు. అందరం దిగాం, ఆయన దిగలేదు. చెవి సీటు దగ్గర పెట్టి, "ఇదేటమ్మా, సీటు కింద ఏదో ఊపిరాడక కొట్టుకుంటంది" అన్నారు. సీటు కవర్ అంచు పట్టుకుని పైకి లాగారు. కింద, కాళ్లు పెట్టే వైపు, ప్లాస్టిక్ జల్లెడలాంటి కిటికీ ఒకటి ఉంది. అది బ్యాటరీ ఫ్యాను గాలి పీల్చుకునే దారి. దాని మీద రెగ్జిన్ కవర్ అంచు గట్టిగా అతుక్కుపోయి ఉంది. ఫ్యాను లోపల్నుంచి లాగుతుంటే రెగ్జిన్ ఇంకా బిగుసుకుపోతోంది. కవర్ వదిలించగానే బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు అందరం విన్నాం. వేలు పెట్టి తుడిస్తే బూడిదలాంటి దుమ్ము. కవర్ మడిచి పైకి కట్టాం. పావుగంటలో మెసేజ్ పోయింది, ఐదుగురితో అరకు చేరాం.

ఆ తర్వాత కవర్ లేకుండా ఆరు వారాలు తిరిగాను. అందులో రెండుసార్లు వెనక సీటు నిండుగా, మిట్టమధ్యాహ్నం ఎక్కాను. ఒక్కసారి కూడా మెసేజ్ రాలేదు.

ఆ సీటు కవర్లు నేను బజార్లో కొన్నవి కావు. మీ డీలర్ షోరూంలో, డెలివరీ రోజున, కారు బిల్లుతో పాటే రూ. 11,800 తీసుకుని వాళ్ల మనిషే తొడిగాడు. మీ ఓనర్స్ మాన్యువల్లో ఆ కిటికీకి ఏదీ అడ్డం పెట్టొద్దని స్పష్టంగా రాసి ఉంది. ఆ పేజీ మీ డీలర్ చదవలేదు. నేనూ చదవలేదు, ఒప్పుకుంటాను. కానీ కారు అమ్మింది నేను కాదు.

ఇక సేల్స్ అబ్బాయి మాట. మొదటిసారి దిగుతున్నప్పుడు, గాలికొండ దాటాక అనంతగిరి రాకముందే 8 గడులూ నిండిపోయాయి. ఇంకొంచెం దిగాక, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే ఇంజన్ గట్టిగా అరవడం మొదలెట్టింది. యాక్సిలరేటర్ ఇరుక్కుపోయిందేమో అనుకున్నాను. చేతులు చల్లబడిపోయాయి. అది బండి లోపం కాదని ఇప్పుడు తెలుసు. బ్యాటరీలో ఇంక చోటు లేనప్పుడు మోటారు పెట్రోలు మండించకుండానే ఇంజన్‌ని తిప్పి, దిగుడు వల్ల వచ్చే శక్తిని అక్కడ ఖర్చు చేస్తుంది. బండిని పట్టి ఉంచేది ఆ అరుపే. ఈ నాలుగు మాటలు డెలివరీ రోజు చెప్పి ఉంటే నేను ఘాట్ మధ్యలో గుండె చిక్కబట్టుకునేదాన్ని కాదు.

కరెంటు బిల్లు లెక్కలో చెప్తాను. మనుషులతో కలిపి 1,600 కిలోల బండి వెయ్యి మీటర్లు దిగితే, కాగితం మీద నాలుగు యూనిట్ల పైచిలుకు శక్తి వస్తుంది. టైర్ల రాపిడికి, గాలికి, కరెంటుగా మారడంలో పోయే నష్టానికి సగం తీసేసినా రెండు యూనిట్లు. మీ బ్యాటరీ ముప్పావు యూనిట్‌ది. అది ఎక్కువకాలం నిలవాలని సిస్టమ్ దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. అంటే వాడకానికి వచ్చేది మూడోవంతు యూనిట్ అనుకోండి. చెంబులో కుండెడు నీళ్లు పట్టవు. ఆ మూడోవంతు యూనిట్‌తో వారం తిరగడం మాట అటుంచి, మా ఊళ్లో కోట దగ్గర బయల్దేరితే రైల్వే స్టేషన్ దాకా వస్తుందేమో. మా దారి పక్కనే వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైల్వే లైనులో త్రీఫేజ్ కరెంటు రైలింజన్లయితే దిగేటప్పుడు కరెంటును పై తీగలోకి తిరిగి పంపగలవు. తీగకి అవతల ఇంకో బండి వాడుకుంటుంది. నా కారుకి అలాంటి తీగ లేదు.

గేరు దగ్గర "బి" అనే అక్షరం ఉంది. అదేమిటని అడిగితే మీ షోరూంలో "బి అంటే బ్యాటరీ అనుకోండి మేడమ్, అది వేస్తే చార్జి ఎక్కువ ఎక్కుద్ది" అన్నారు. నమ్మి నెల రోజులు విజయనగరం వీధుల్లో కూడా అందులోనే నడిపి మైలేజీ పోగొట్టుకున్నాను. అది పొడవాటి దిగుళ్లలో ఇంజన్ బ్రేకింగ్ కోసమని, అంటే ఇంజనే బండిని పట్టి ఉంచడానికని మాన్యువల్ చెబుతోంది. మా నాన్నగారు ఏ మాన్యువల్ చూడకుండానే "ఏ గేర్ల ఎక్కితే ఆ గేర్లనే దిగాలమ్మా, బ్రేకు నమ్ముకోకు" అంటారు. ఘాట్ డ్రైవర్లందరికీ తెలిసిన ఆ సంగతి, ఈ జిల్లాలో కార్లు అమ్మేవాళ్లకి మీరు నేర్పలేదు.

బండి మీద నాకు కోపం లేదు. మైదానంలో లీటరుకి 23, 24 ఇస్తోంది, దానికి సంతోషమే. నేను అడిగేది ఇదీ. ఇంజెక్టర్లకీ చిన్న బ్యాటరీకీ తీసుకున్న రూ. 9,190, సీటు కవర్లకి తీసుకున్న రూ. 11,800, మొత్తం రూ. 20,990 వాపసు ఇవ్వాలి. మూడుసార్లు వేడెక్కిన హైబ్రిడ్ బ్యాటరీని మీ కంపెనీ ఇంజనీరు పరీక్షించి, ఫ్యాను, ఫిల్టరు శుభ్రం చేసి, సెల్స్ స్థితిని కాగితం మీద ఇవ్వాలి. రేపు ఆ బ్యాటరీకి ఏమైనా అయితే వాడకం సరిగా లేదని వారంటీ తిరస్కరించకుండా, వేడెక్కడానికి కారణం డీలర్ తొడిగిన కవరేనని నా సర్వీస్ రికార్డులో రాయాలి. చెరిపేసిన కోడ్‌ల వివరాలు వాళ్ల కంప్యూటర్లో ఉంటే నాకు ఇప్పించాలి. "ఎత్తు వల్ల నార్మల్" అని రాసిన జాబ్ కార్డును సరిదిద్దాలి. ఘాట్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బ్యాటరీ ఏం చేస్తుందో, ఆ కిటికీ ఎక్కడుందో తెలుగులో ఒక్క పేజీ ముద్రించి ఇక్కడి కొనుగోలుదార్లకి ఇస్తే బాగుంటుంది. అది డిమాండ్ కాదు, మనవి. సాలూరు, పార్వతీపురం, పాలకొండ వైపు కూడా మీ బండ్లు తిరుగుతున్నాయి. వాటిలో ఎన్నిటికి ఇవే కవర్లు తొడిగారో మీరే చూసుకోవాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు కూడా లేదు.

జాబ్ కార్డులు, బిల్లులు, నా పుస్తకం పేజీల జిరాక్సులు, డాష్‌బోర్డు ఫొటోలు రెండు జతచేశాను. సీటు కవర్ నా దగ్గరే ఉంది. ఉతకలేదు. దాని లోపలి వైపు ఆ కిటికీ జల్లెడ గడులన్నీ దుమ్ముతో అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. మీ ఇంజనీరు వచ్చిన రోజున చూపిస్తాను.

ఇట్లు,
మీ కారు కొన్న వినియోగదారు
విజయనగరం