మీ పనే చదువుకుంటున్నాను, నాన్నగారూ

టొరంటో,
ఆదివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. పాపకి జలుబు చేసి తగ్గింది. అమ్మ మోకాలి నొప్పికి కొత్త మందు పని చేస్తోందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది.

మొన్న ఫోన్లో మీరు "అంత దూరం వెళ్లి మళ్లీ గుమాస్తా చదువేనా అమ్మా" అన్నారు. బస్సులో ఉన్నాను, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీరు కోపంతో అనలేదని నాకు తెలుసు. ఎండాకాలం తెనాలి కోర్టు వరండాలో ఫైళ్ల కట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డ మనిషి, కూతురికి ఆ కష్టం వద్దనుకోవడం సహజం. అందుకే తీరుబడిగా రాస్తున్నాను. అమ్మకి కూడా చదివి వినిపించండి.

నేను చదువుతున్నది పారాలీగల్ కోర్సు. టొరంటో ఉన్న ఈ ఒంటారియో రాష్ట్రంలో పారాలీగల్ అంటే ప్లీడరు గారి వెనకాల నిలబడే మనిషి కాదు. లాయర్లకు లైసెన్స్ ఇచ్చే లా సొసైటీయే పారాలీగల్‌కీ లైసెన్స్ ఇస్తుంది. అది చేతికొస్తే సొంతంగా ఆఫీసు పెట్టుకోవచ్చు, కేసుతో వచ్చిన పార్టీకి సలహా చెప్పి ఫీజు తీసుకోవచ్చు, కోర్టులో లేచి వాదించవచ్చు. అన్ని కోర్టుల్లోనూ కాదు. ఒక హద్దు లోపలి డబ్బు దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు, ట్రాఫిక్ లాంటి కేసులు, అద్దె ఇళ్ల తగాదాలు తేల్చే ట్రిబ్యునల్, కొన్ని చిన్న క్రిమినల్ కేసులు, ఇలా మాకో హద్దు ఉంది. విడాకులు, వీలునామాలు, ఇళ్ల అమ్మకాలు ఈ లైసెన్సులోకి రావు. స్మాల్ క్లెయిమ్స్ అన్నానని అదేదో చిల్లర కోర్టు అనుకోకండి. 2020 నుంచి 35,000 డాలర్లుగా ఉన్న దావా హద్దును 2025 అక్టోబరు 1 నుంచి 50,000 డాలర్లకు పెంచారు. మన లెక్కలో ముప్పై లక్షల పైమాటే. అలాంటి దావా నేను వేయొచ్చు, సాక్షిని క్రాస్ చేయొచ్చు, ఆర్గ్యుమెంట్ చెప్పొచ్చు. పక్కన లాయరు ఉండక్కర్లేదు.

అమెరికాలో ఇలా కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో పారాలీగల్ లాయరు కింద పనిచేయాలి, కోర్టులో మాట్లాడకూడదు, సొంతంగా సలహా కూడా చెప్పకూడదు. డాలస్‌లో మన బంధువుల దగ్గర విని మీరు అదే అనుకుని ఉంటారు.

ఇక్కడ కూడా మొదటినుంచీ ఈ పద్ధతి లేదు. 2007కి ముందు ఎవరికి వారు బోర్డు పెట్టుకునేవాళ్లు. చదువు లేదు, పరీక్ష లేదు, నష్టం జరిగితే అడగడానికి పూచీ లేదు. కెనడా సుప్రీంకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పీటర్ కోరీ గారు, వీళ్లకు చదువూ లైసెన్సూ నియమాలూ ఉండాలని 2000లో రిపోర్టు ఇచ్చారు. 2006లో చట్టం చేశారు, మరుసటి ఏడు అమల్లోకి వచ్చింది. ఆ బాధ్యతను 1797 నుంచీ ఉన్న లా సొసైటీకి అప్పగించారు. ఆ సొసైటీ పాలకవర్గంలో ఇప్పుడు పారాలీగల్స్ ఓట్లేసి ఎన్నుకున్న ఐదుగురు, లాయర్లతో సమానంగా కూర్చుంటారు. క్లాసులో ఈ సంగతి విన్నప్పుడు నాకు మీ గుమాస్తాల సంఘం గుర్తొచ్చింది. కూర్చోవడానికి ఒక బెంచీ, తాగడానికి మంచినీళ్లు కావాలని మీరంతా కలిసి అర్జీ రాసుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ అర్జీ మన ఇంట్లో, మన అరుగు మీదే రాశారు. నేను పక్కన కూర్చుని కార్బన్ పేపర్లు పెట్టాను.

చాలా కాలేజీల్లో ఇది రెండేళ్ల డిప్లొమా. లైసెన్స్ పరీక్ష రాయడానికి అది చాలు. నేను మాత్రం నాలుగేళ్ల డిగ్రీలో చేరాను. టార్ట్స్ (ఒకరి తప్పువల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం చెప్పే చట్టం), కాంట్రాక్టులు, సాక్ష్యం, ట్రిబ్యునళ్ల విధానం, అద్దె చట్టం, వృత్తి ధర్మం, అన్నీ ఉన్నాయి. చదువులో భాగంగా కనీసం 120 గంటలు ఎక్కడైనా లీగల్ ఆఫీసులో పని చేసి తీరాలి. లైసెన్స్ ఇచ్చే ముందు మన నడవడిక కూడా విచారిస్తారు. వచ్చాక ఇన్సూరెన్స్ తప్పనిసరి. మా పొరపాటువల్ల పార్టీ నష్టపోతే కట్టడానికి ఒక్కో క్లెయిముకి కనీసం పది లక్షల డాలర్ల పాలసీ ఉండాలి.

నాన్నగారూ, ఈ చదువులో సగం నేను మన ఇంట్లో నేర్చుకున్నదే. పొగడ్త కాదు, నిజంగా చెబుతున్నాను. ఆఫీసు నిర్వహణ అని ఒక సబ్జెక్టు ఉంది. ప్రతి గడువునూ రెండు మూడు చోట్ల రాసుకోవాలి, ముందే హెచ్చరించేలా పెట్టుకోవాలి, ఒకరు సెలవు పెట్టినా ఇంకొకరికి కనబడాలి అని పాఠం. మీ వాయిదాల డైరీ సరిగ్గా అదే. నల్ల సిరాతో వాయిదా తేదీ, ఎర్ర సిరాతో లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, ముగిసే తేదీ, మళ్లీ అదే తేదీ ఫైలు అట్ట మీద. ప్లీడరు గారి క్యాలెండర్ మీద కూడా మీరే రాసి వచ్చేవారు. ట్రస్టు అకౌంటు అని ఇంకో పాఠం. పార్టీ ఇచ్చిన డబ్బు మన డబ్బులో కలపకూడదు, నెలనెలా లెక్క సరిచూడాలి. మీరు కోర్టు ఫీజుకీ, సమన్ల బేటాకీ పార్టీలు ఇచ్చిన డబ్బు ఎవరిది వారి పేరుతో కవర్లలో పెట్టేవారు. ఒకసారి అమ్మ పాలవాడికి ఇవ్వడానికి అందులోంచి యాభై తీస్తే మీరు అన్నం కూడా తినకుండా బయటికెళ్లి మార్చుకొచ్చి పెట్టారు. మా లెక్చరర్ ట్రస్టు అకౌంటు గురించి గంటసేపు చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. గోప్యత పాఠం చెప్పినప్పుడూ అంతే. మన వీధిలో వాళ్ల కేసులే మీ ఫైళ్లలో ఉండేవి, ఎవరిది ఏ కేసో ఒక్కనాడూ మాకు తెలియలేదు.

మీకు ఒక కేసు సంగతి చెప్పాలి. టార్ట్స్‌లో మొట్టమొదట చెప్పేది ఇదే. 1928లో స్కాట్లండ్‌లో పెయిస్లీ అనే ఊళ్లో మే డొనహ్యూ అనే ఆవిడకు స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. సీసా లోపలిది బయటికి కనబడదు. సగం తాగాక మిగతాది వంచితే కుళ్లిన నత్త పడిందని ఆవిడ ఫిర్యాదు. కొన్నది ఆవిడ కాదు కాబట్టి కాంట్రాక్టు లేదు. తయారుచేసినవాడి మీద దావా నడుస్తుందా అన్నది ప్రశ్న. 1932లో బ్రిటన్‌లో అప్పటి పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ నడుస్తుందని చెప్పింది. మన పనివల్ల ఎవరికి హాని జరగొచ్చో ఊహించగలమో, వాళ్లపట్ల జాగ్రత్తగా ఉండాలని జడ్జి లార్డ్ అట్కిన్ రాశారు. మన కోర్టుల్లోనూ, ఇక్కడా ఇప్పటికీ ఆ తీర్పే పునాది. మీకు నచ్చే సంగతి వేరే ఉంది. ఆవిడ దుకాణంలో పనిచేసే మనిషి. ప్రపంచం మొత్తం మీద తనకు ఐదు పౌన్ల ఆస్తి కూడా లేదని ప్రమాణం చేసి, ఖర్చులు పెట్టుకోలేని పేదలకిచ్చే పాపరు దావా కింద అంత పెద్ద కోర్టుకెళ్లింది! పాపరు దావా కాగితాలు మీరెన్ని తయారుచేశారో నాకు తెలుసు. ఆస్తి లేదని రుజువు తెచ్చుకోవడానికి ఆ ముసలివాళ్లను తాసిల్దారు ఆఫీసుకి మీరే తీసుకెళ్లేవారు. మూడు దేశాల చట్టానికి పునాదైన కేసు అలాంటి కాగితం మీద నడిచిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

లిమిటేషన్ దగ్గర మాత్రం మన లెక్కకీ ఇక్కడి లెక్కకీ తేడా. మనకు ప్రోనోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. గడువు దాటబోతుంటే నోటు వెనక చెల్లు, అంటే కొంత బాకీ కట్టినట్టు సంతకంతో రాత, వేయించుకోమని మీరు పార్టీల వెంటపడేవారు. ఇక్కడ మామూలు గడువు రెండేళ్లే. కానీ అడిగినప్పుడు ఇస్తానన్న అప్పయితే, ఇచ్చినవాడు అడిగి, పుచ్చుకున్నవాడు ఇవ్వకపోయిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఇచ్చి పదేళ్లయినా అసలు అడగకపోతే గడువు మొదలే కాదు. క్లాసులో దీనిమీద చర్చ వచ్చినప్పుడు మన పద్ధతి వివరించాను. లెక్చరర్ గారు ఆసక్తిగా విని, చెల్లు అంటే ఎలా రాస్తారో బోర్డు మీద రాసి చూపించమన్నారు. మీరు రాసే తీరులోనే రాశాను.

ఇక ఎందుకు చదువుతున్నానన్నది. మీకు గుర్తుందో లేదో, నేను తొమ్మిదో క్లాసులో ఉండగా ఒక రాత్రి మీరు భోజనం దగ్గర అలా కూర్చుండిపోయారు. ఎవరి కేసో చెప్పలేదు. ఒక ముసలావిడ దావా, పిలిచే సమయానికి ప్లీడరు గారు పక్క ఊరి కోర్టులో ఉండిపోయారు. "మా సార్ వస్తున్నారు, పాస్ ఓవర్ ఇప్పించండి" అన్నారు మీరు, కేసు కాసేపాగి పిలవమని. రెండోసారి పిలిచేసరికి కూడా ఆయన రాలేదు, దావా డిఫాల్ట్‌లో కొట్టేశారు. ఆ రాత్రే కూర్చుని, దావా మళ్లీ తెరవమని రిస్టొరేషన్ పిటిషన్ తయారుచేశారు. "కేసంతా నాకు తెలుసమ్మా, అక్షరం అక్షరం తెలుసు. చెప్పే అధికారం లేదు" అన్నారు. మన చట్టంలో పార్టీ తరఫున వకాల్తా ఉన్న అడ్వొకేటే మాట్లాడాలి, అది వాళ్లు పెట్టుకున్న నియమం. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఇన్నేళ్లు ప్లైంట్లు రాసి, కోర్టు తిప్పిపంపిన కాగితాలు సరిచేసి, ప్లీడరు గారికి కాగితాలు వరసలో అందించిన మనిషికి, ఆ పనికి చదువూ పరీక్షా పెట్టి, "ఇంతవరకూ నువ్వే మాట్లాడు" అనే దారి ఒకటి ఉంటుందని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. తెలిసిన వారంలోనే అప్లికేషన్ పెట్టాను.

ఇంకో కారణం కూడా ఉంది. మన పిల్లలు గుంటూరు, వరంగల్, కరీంనగర్ నుంచి వచ్చి టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్లలో ఐదారుగురు కలిసి ఉంటారు. ఇల్లు ఇచ్చేవాడు కొందరిని మూడు నాలుగు నెలల అడ్వాన్స్ అడుగుతాడు. ఇక్కడి చట్టంలో ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, దానిమీద ఏటా వడ్డీ కూడా ఇవ్వాలి. రేపే ఖాళీ చెయ్యమని తాళం మార్చేస్తానంటాడు. ట్రిబ్యునల్ ఆర్డరు లేకుండా ఎవరినీ వెళ్లగొట్టకూడదు, ఆర్డరు వచ్చినా అమలు చేయాల్సింది షెరిఫ్ అనే కోర్టు అధికారి గానీ ఓనర్ కాదు. ఓనర్‌తో కలిసి ఒకే వంటిల్లు గానీ బాత్రూమ్ గానీ వాడుకుంటుంటే మాత్రం ఈ చట్టం వర్తించదు, ఆ మెలిక తెలియక మోసపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ పిల్లలకు లాయరు ఫీజు కట్టే తాహతు లేదు, ఇంట్లో చెబితే అమ్మానాన్నలు టెన్షన్ పడతారని చెప్పరు. గుడిలో కలిసినప్పుడు నన్ను అడుగుతారు. లైసెన్స్ లేకుండా సలహా ఇవ్వకూడదు కాబట్టి ఉచితంగా చూసే లీగల్ క్లినిక్‌లకు పంపుతున్నాను. లైసెన్స్ వచ్చాక వాళ్ల తరఫున నేనే ట్రిబ్యునల్ ముందు కూర్చుంటాను. ఇప్పుడు చాలా విచారణలు వీడియోలోనే జరుగుతున్నాయి.

ఫీజు గురించి దిగులు పడకండి. మేం పర్మనెంట్ రెసిడెంట్లం కాబట్టి విదేశీ విద్యార్థులకు ఉన్నంత ఫీజు నాకు లేదు. సాయంత్రాలు పాపని మీ అల్లుడు గారే చూసుకుంటున్నారు. నా నోట్సు అడిగి మరీ చదువుతారు.

ఇప్పుడు మీతో నాకు పని పడింది. వచ్చే నెల మా క్లాసులో మాక్ ట్రయల్, అంటే ఉత్తుత్తి కోర్టు విచారణ. చేబదులు ఇచ్చిన డబ్బు గురించి దావా. నేను వాది వైపు. ప్రతివాది సంతకమే తనది కాదంటాడు. కాగితం మీద సాక్షి సంతకం ఉంది, ఆ సాక్షి కూడా అప్పుడు తను ఊళ్లోనే లేనంటాడు. మా పుస్తకంలో క్రాస్ ఎలా చేయాలో నియమాలు బాగానే ఉన్నాయి. నాకు కావలసింది మీరు కోర్టు హాల్లో విన్న ప్రశ్నలు. ముందు సంతకం దగ్గర మొదలుపెట్టాలా, లేక సాక్షి ఆ రోజు ఎక్కడున్నాడన్న దగ్గరా? ప్లీడరు గారు ఒప్పుకున్న సంతకాలు పక్కన పెట్టి చూపించి అడిగేవారని ఒకసారి చెప్పారు, అది ఏ వరసలో చేసేవారు? తీరిగ్గా ఆలోచించి పెట్టండి. వచ్చే ఆదివారం మీకు సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. నేను ప్రశ్నలు అడుగుతాను, మీరు ఆ సాక్షిలా మొండిగా జవాబులు చెప్పండి. ఎక్కడ తేలిపోతున్నానో మొహమాటం లేకుండా చెప్పాలి.

అమ్మకి నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి.

ఇట్లు
మీ పెద్దమ్మాయి