ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొన్నాను

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. బాగుంది గానీ, చేపలంటే మంచినీళ్లవి, సముద్రానివి, రెండే రకాలన్నట్టు రాశారు. విశాఖ ఎడిషన్‌లో ఆ మాట చదివితే నవ్వొచ్చింది. భీమిలి వెళ్లి గోస్తనీ సముద్రంలో కలిసే చోట రెండు చుక్కలు నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుంది, ఆ రెండూ కలిసిన మూడో రకం నీళ్లున్నాయని. పండుగప్పా పాలబొంతా ఏటికీ సముద్రానికీ మధ్య తిరిగే చేపలే కదా, పులుసు పెట్టుకునేటప్పుడు తెలిసిన సంగతి అక్వేరియం దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

నా సంగతే చెప్తాను. మూడేళ్ల కిందట ఒక షాపులో 'మోనో ఏంజెల్' అని చెప్పి వెండి బిళ్లల్లాంటి చేపలు ఆరు అంటగట్టారు. ఏంజెల్ అంటే మంచినీళ్ల చేపే కదా అని మామూలు కుళాయి నీళ్లలో వేశాను. రెండు నెలలు శుభ్రంగా తిన్నాయి, ఆ తర్వాత రెక్కలు ముడుచుకుని మూలకి చేరి ఒక్కొక్కటే పోయాయి. షాపతన్ని అడిగితే 'మీ చెయ్యి మంచిది కాదేమో సార్' అన్నాడు. చెయ్యి కాదు బాబూ, ఉప్పు. అవి ఉప్పుటేటి చేపలు, పెద్దవయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ ఉప్పు కావాలి వాటికి.

ఆ కోపంలోనే ఆరడుగుల ట్యాంకు కట్టించాను. ఎత్తూ వెడల్పూ రెండేసి అడుగులు, నిండా పోస్తే 680 లీటర్లు. 12 ఎంఎం అద్దం బరువే 120 కిలోల దాకా ఉంటుంది, ఇసుకా రాళ్లూ కలిపితే మొత్తం తొమ్మిది క్వింటాళ్లు. మాది గ్రౌండ్ ఫ్లోరు కాబట్టి సరిపోయింది, పై అంతస్తుల్లో ఉండేవాళ్లు ముందు ఒక ఇంజనీరుని అడగండి.

వెనకాల ఉప్పుటేటి గట్టులా, మడ చెట్ల వేళ్లు దిగినట్టు కనపడాలని నా ముచ్చట. ప్రింటు కాగితం అంటించడం ఇష్టంలేక థర్మాకోల్ షీట్లు తెచ్చి కూరగాయల కత్తితో చెక్కాను (ఆ తెల్ల గుండ్లు ఇప్పటికీ సోఫా కింద దొరుకుతున్నాయి, మా ఆవిడ ఒక్కోటీ తెచ్చి చూపిస్తుంది). దానిమీద సిమెంటు నాలుగు పూతలు, మొదటిది మజ్జిగంత పలచగా, చివరిది దోసెల పిండిలా, అందులోనే గచ్చుకి కలిపే ఎర్ర ఆక్సైడ్, నల్ల ఆక్సైడ్ చిటికెడు. పూత పూతకీ తడిగోనె కప్పి ఉంచాలి, లేకపోతే బీటలిస్తుంది. ఆ పైన ట్యాంకులో అంటించి, నీళ్లు నింపి, మూడు నాలుగు రోజులకోసారి పారబోస్తూ మూడు వారాలు నానబెట్టాలి. కొత్త సిమెంటు సున్నం వదిలి నీళ్ల పీహెచ్‌ని (పులుపూ క్షారాల కొలత) 9 దాటించేస్తుంది. ఈ చేపలకి 8 దాకా హాయిగానే ఉంటుంది గానీ, పీహెచ్ పెరిగేకొద్దీ చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

ఇంత చేసి ఒక్కచోట బద్ధకించాను. సిలికాన్ ఖరీదు చూసి నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి ఊరుకున్నాను. నానబెట్టిన మూడో రాత్రి పెద్ద చప్పుడైతే లేచి లైటు వేశాను. గట్టు మొత్తం ఊడొచ్చి నీళ్ల మీద పడవలా తేలుతోంది, అద్దం మూత కిందపడి ముక్కలైంది. తర్వాత కాగితం మీద లెక్కేస్తే సగటున రెండంగుళాల మందానికి అది 56 లీటర్ల చోటు, వెనక్కి నీళ్లు చేరాయంటే సిమెంటు బరువు తీసేసినా 40 కిలోల పైమాటే పైకి తంతుంది. రెండోసారి అద్దం స్పిరిట్‌తో తుడిచి, అంచులన్నిటికీ, వెనకంతా జానెడు దూరానికో గీతా సిలికాన్ పెట్టి, పై అంచుని అద్దం పట్టీ కింద ఇరికించి, వారం ఆరనిచ్చాను. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూం సిలికాన్ మాత్రం వద్దు, చేపలు చస్తాయి.

ఇక ఉప్పు. 'ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటావట్రా' అని మా నాన్న ఇప్పటికీ దెప్పుతారు. మురుగు కలిసే ఒడ్డున నీళ్లు ముంచుకురావడానికి నాకు ధైర్యం చాల్లేదు, సముద్రపు అక్వేరియంలకి అమ్మే ఉప్పే కొన్నాను. వంటింటి ఉప్పులో సముద్రపు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. సముద్రంలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉంటే నేను 10 దగ్గర ఉంచుతున్నాను. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ మా బావమరిది ఇచ్చాడు, భీమవరం వైపు రొయ్యల చెరువులున్నాయి వాడికి, అక్కడ సెలినిటీ చూడటం రోజూ పనే. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి తగ్గినంతా మంచినీళ్లే పోయాలి. ఇది తెలీక మొదటి వేసవిలో ఉప్పునీళ్లే పోస్తూ రెండు నెలల్లో 10ని 17 చేశాను. ఉప్పు తగిలి ఇనప స్టాండుకి తుప్పు పట్టడం వేరే కథ. 2014 హుద్‌హుద్ తుఫానుకి కరెంటు పోవడం చూసినవాళ్లం కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు కూడా ఒకటి కొనిపెట్టాను.

ఐదు వారాలు చేపల్లేకుండా ట్యాంకు నడిపాక చేపలు వేశాను, మోనోలు ఆరు, ఆర్చర్‌లు నాలుగు. ఆర్చర్ నోట్లోంచి నీళ్లు చిమ్మి పురుగుని కొట్టే చేప, అందుకని నీళ్లు ఎనిమిది అంగుళాలు తక్కువే పోశాను. మొన్న మా అమ్మ కొత్త మూత తీసి తొంగి చూస్తే సరిగ్గా ముక్కుపుడక మీద కొట్టింది.

షాపులవాళ్లకి నాదొకటే మనవి. మోనో, స్కాట్, ఆర్చర్, పచ్చ పఫర్ లాంటి ఉప్పుటేటి చేపలు అమ్మే ట్యాంకు మీద 'ఉప్పు కలపాలి' అని స్కెచ్ పెన్‌తో రాయండి. స్కాట్ రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు అమ్ముతారు, అది అడుగు దాకా పెరుగుతుందని కూడా రాయండి. కొనేవాళ్లు తగ్గిపోతారని భయమైతే, ఆ ఉప్పూ మీరే అమ్ముకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం