ఆదివారం 'ర్యాక్' వింటున్నాం, అందరూ రండి

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ,

ఈ ఆదివారం సాయంత్రం 6కి నక్కలగుట్టలో మా ఇంట్లో కలుద్దాం. అమెరికా రాక్ బ్యాండ్ ద జీసస్ లిజర్డ్ కొత్త ఆల్బమ్ 'ర్యాక్', 11 పాటలూ మధ్యలో ఆపకుండా వింటాం.

1998లో 'బ్లూ' వచ్చాక మళ్లీ స్టూడియో ఆల్బమ్ కోసం 26 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ఇది వచ్చింది. 'బ్లూ'లో లేని డ్రమ్మర్ మాక్ మెక్‌నీలీ ఇందులో ఉన్నాడు, ఆ దెబ్బ వేరు. నిన్న ఒకసారి పెట్టి చూశా. డేవిడ్ సిమ్స్ బేస్‌కి అల్మారాలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. సింగర్ డేవిడ్ యావ్‌కి అరవై దాటినా గొంతులో ఆ కసి అలాగే ఉంది. నాకైతే కళ్లు చెమర్చాయి.

వచ్చేముందు వీళ్లదే 1991 నాటి ఆల్బమ్ 'గోట్' ఒక్కసారి వినండి. సౌండ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ రికార్డ్ చేసింది. అది వింటేనే ఇది ఇంకా బాగా అందుతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉన్నవాళ్లు తీసుకురండి. చెవుల్లోకి కొంచెం దూది కూడా. మిర్చి బజ్జీలు, చాయ్ మావి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి.

మరిచిపోవద్దు: పక్కింటి పాపకు ఇంటర్ పరీక్షలు. 7:30కి సౌండ్ బంద్. జర టైముకి రండి. బండ్లు సందులో పెట్టకండి.