కాలేయ రోగికి రాత్రి పది గంటల తిండి

సంపాదకులకు నమస్కారం.

సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) ముదిరి పొట్టలో నీరు చేరిన మనిషికి మన గుంటూరు ఇళ్లలో ఇప్పటికీ చారన్నం, పల్చటి మజ్జిగే పెడుతున్నారు. పచ్చకామెర్ల పథ్యాన్నే దీనికీ అంటగడుతున్నారు. పప్పు మాన్పిస్తారు, గుడ్డు ముట్టనివ్వరు, చప్పిడి కూర పెడతారు. అది సయించక రోగి నాలుగు ముద్దలతో లేచిపోతాడు. లోపల కండ కరుగుతున్నా పొట్టలో నీటి వల్ల తూకం తగ్గదు. తూకాన్ని నమ్మవద్దు. జబ్బ చుట్టుకొలత టేపుతో నెలకోసారి తీసి రాసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం రాత్రికి సరిపడా గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) దాచుకుంటుంది. గట్టిపడ్డ కాలేయం దాచుకోలేదు. రాత్రి ఏడింటికి తిని పొద్దున ఎనిమిదికి టిఫిను చేస్తే, ఆ ఒక్క రాత్రి పస్తు ఈ రోగికి, మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తుండటంతో సమానం. ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. మాంసకృత్తులు అరిగినప్పుడు పుట్టి, రక్తంలో పెరిగితే మతి తప్పించే అమ్మోనియాను తగ్గించే పనిలో కండ కూడా కాలేయానికి చేయందిస్తుంది కనుక, కండ పోతే మగత, తికమక ఇంకా పెరుగుతాయి. అందుకే మతి తప్పుతుందన్న భయంతో పప్పు, గుడ్డు మాన్పించడం ఎదురుదెబ్బ. మతి తప్పడానికి తరచూ కారణమయ్యేవి మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, నిద్రమాత్రలు. డాక్టరు లాక్టులోజ్ (విరేచనం సాఫీ చేసే మందు) రాస్తే, రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలయ్యేలా మోతాదు సర్దుకోవాలి.

నీరు చేరకముందు 60 కిలోలున్న మనిషికి రోజుకు 2,100 కేలరీలు, 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లు, పాలూ పెరుగూ కలిపి అర లీటరు, 50 గ్రాముల కందిపప్పు, 50 గ్రాముల పెసలతో పెసరట్టు, గుప్పెడు వేరుశనగలు, మూడు పూటలకూ కలిపి 300 గ్రాముల బియ్యం ఉంటే సరిపోతుంది. ఇదంతా మూడు నాలుగు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టాలి. పడుకోబోయే ముందు రెండు ఇడ్లీలూ ఒక అరటిపండూ, లేదా పాలలో కాచిన రాగి జావ తప్పకుండా ఇవ్వాలి. షుగరు ఉన్నవారు ఈ రాత్రి తిండి సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఉప్పు రోజంతటికీ కలిపి చిన్న చెంచాడు, అంటే 5 గ్రాములు మించకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు పక్కన పెట్టి, కూరల్లో నిమ్మరసం, వెల్లుల్లి, జీలకర్రతో రుచి తేవచ్చు. మితిమీరి చప్పిడి చేసి తిండే మాన్పించడం అంతకన్నా చేటు. ‘లో సోడియం’ ఉప్పు వద్దు. అందులో ఉండేది పొటాషియం. ఒంట్లో నీరు తగ్గించే స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడేవారికి అది గుండెకు ప్రమాదం. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా మింగితే కిడ్నీ దెబ్బతింటుంది. పసరు మందుల జోలికీ వెళ్లవద్దు.

పొట్ట బిగిసి రెండు ముద్దలకే నిండిపోతుంటే, నీరు తీయించాక ఆకలి కొంత మెరుగుపడుతుంది. ఒకేసారి 5 లీటర్లకు మించి తీస్తే అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక మాంసకృత్తు) నరం ద్వారా ఎక్కించాలి. ఈ విషయం ముందే అడగండి.

ఇక ఆసుపత్రులకు మా విన్నపం. డిశ్చార్జి కాగితంపై ఇంగ్లిషులో ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, ఏ వేళకు ఏది ఎంత తినాలో తెలుగులో రాసివ్వండి. ఎండోస్కోపీ ఉన్న సిరోసిస్ రోగిని మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో కూర్చోబెట్టకుండా ఉదయం జాబితాలో ముందు పిలవండి. వార్డులో సాయంత్రం ఆరింటికే భోజనం ముగిస్తుంటే, రాత్రి పదికి ఒక గ్లాసు పాలు, నాలుగు బ్రెడ్డు ముక్కలు మంచం దగ్గరికి చేర్చండి.

ఇట్లు,
క్లినికల్ డైటీషియన్లు,
బ్రాడీపేట, గుంటూరు.